నరాల బ్లాక్‌లో రెండో మందు: ఎప్పుడు కలపాలి, ఎప్పుడు వద్దు

పోయిన ఎపిసోడ్‌లో సుప్రాక్లావిక్యులర్ బ్లాక్‌లో సూది ఎక్కడుండాలో చూశాం కదా. ఈసారి సిరంజిలో ఏముండాలో చూద్దాం.

ముంజేయి విరిగిన పేషెంట్. మధ్యాహ్నం రెండింటికి 0.5 శాతం బుపివకైన్‌తో బ్లాక్ ఇచ్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం నొప్పి లేదు కాబట్టి పేషెంట్ మాత్రలు వేసుకోలేదు. అర్ధరాత్రికి బ్లాక్ దిగిపోతుంది, నొప్పి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. దీన్నే రీబౌండ్ పెయిన్ అంటాం. అడ్జువెంట్ కలిపేది ముఖ్యంగా ఈ రాత్రి గడవడానికే.

ఆలోచన పాతదే. 1903లోనే జర్మనీ సర్జన్ హైన్రిష్ బ్రౌన్ కొకైన్‌కి అడ్రినలిన్ కలిపాడు. రక్తనాళాలు ముడుచుకుంటే మందు నరం దగ్గరే ఎక్కువసేపు ఉంటుంది. లిగ్నోకైన్‌తో ఈ తేడా బాగా కనిపిస్తుంది, బుపివకైన్‌తో తక్కువే. కానీ ఇంకో లాభం ఉంది. సూది రక్తనాళంలో ఉంటే పల్స్ పెరిగి మనల్ని హెచ్చరిస్తుంది. బీటా బ్లాకర్ వాడేవాళ్లలో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

లెక్క జాగ్రత్త. 20 ఎం.ఎల్. మందులో 1:2,00,000 కావాలంటే 1 మి.గ్రా. ఆంప్యూల్ నుంచి 0.1 ఎం.ఎల్. చాలు. ఇన్సులిన్ సిరంజితో తీస్తారు చాలామంది. 40 యూనిట్ల సిరంజిలో అది 4 యూనిట్లు, 100 యూనిట్ల దాంట్లో 10 యూనిట్లు. మన థియేటర్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూసి తీయండి.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన డెక్సామెథసోన్. 4 మి.గ్రా. కలిపితే బ్లాక్ చాలా గంటలు పొడుగుతుంది. అయితే దాన్ని ఐ.వి.గా ఇచ్చినా చాలావరకు ఆ లాభం వస్తుంది. నరం దగ్గర ఇస్తే కొంచెం ఎక్కువ నిలుస్తుందంతే. పైగా రోపివకైన్‌లో కలిపితే స్ఫటికాలు ఏర్పడొచ్చు. అందుకే నా ఓటు ఐ.వి.కే. షుగర్ పేషెంట్ అయితే గ్లూకోజ్ చూసుకోవాలి, ఏ దారిలో ఇచ్చినా.

క్లోనిడిన్, డెక్స్‌మెడెటోమిడిన్ కూడా బ్లాక్‌ని పొడిగిస్తాయి. కాకపోతే మత్తు, పల్స్ తగ్గడం, బీపీ పడిపోవడం ఉంటాయి. ముసలివాళ్లు, హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లు, రాత్రి మానిటర్ లేని వార్డు... అలాంటిచోట నేను కలపను. మిడజోలం మాత్రం నరం దగ్గరికి వద్దే వద్దు, నరానికి హాని చేస్తుందన్న అనుమానం బలంగా ఉంది. పప్పులో తాలింపులా మూడు నాలుగు కలిపేవాళ్లున్నారు. రేపు చెయ్యి కదలకపోతే ఏ మందు వల్లో ఎలా చెప్తారు?

అసలు పొడిగించకూడని కేసులూ ఉన్నాయి. కాలి పిక్క ఎముక విరిగి, కండరం బిగుసుకుపోతోందని, అంటే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ వస్తుందేమోనని సర్జన్‌కి భయముంటే, నొప్పే ఆయనకి మొదటి సూచన. బ్లాక్ ఇవ్వాలా వద్దా అన్నదే ఆయనతో ముందు మాట్లాడాలి, అడ్జువెంట్ సంగతి తర్వాత. ఆపరేషన్ అయ్యాక నరం పనిచేస్తోందో వెంటనే చూడాలన్నా అంతే.

ఇక ఏం కలిపినా, కలపకపోయినా, మొదటి మాత్ర స్పర్శ తిరిగి రాకముందే పడాలి. ఆ టైం కేస్‌షీట్‌లో రాయండి, నర్సుకీ పేషెంట్ వాళ్లకీ నోటితో కూడా చెప్పండి. చెయ్యి స్లింగ్‌లో ఉండాలి, వేడి గిన్నె తగిలినా తెలియదని గుర్తుచేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో, మత్తుమందు రక్తంలోకి పోతే లిపిడ్ ఎలా ఎక్కించాలో చూద్దాం. ఉంటాను.