పసిబిడ్డ రాత్రి నిద్ర
(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము, కవిగోష్ఠి జరుగు ఈ సభలో పసిపిల్లల నిద్రను గురించి ప్రసంగమేమని పెద్దలు కొందరు నవ్వవచ్చును. కాని ఇచ్చట కూర్చున్న తల్లులలో ఎందరు రాత్రి మూడు నాలుగు మారులు లేచి వచ్చినారో వారి కన్నులే చెప్పుచున్నవి. వేలూరులోను, గుడియాత్తములోను మనవారి ఇండ్లకు పోయినప్పుడెల్ల మేము వినునది ఒకటే మాట: "ఏడాది దాటినది, ఇంకను రాత్రి లేచుట మానలేదు. అత్తగారు నా పాలలో దోషమందురు, ప్రక్కింటివారు దిష్టి యందురు." నెపము ఎక్కడ మొదలైనను తల్లి మీదికే వచ్చి నిలుచుచున్నది. ఇది అన్యాయము. ఒకటి నుండి మూడేండ్ల బిడ్డ రాత్రి లేచుట తల్లి తప్పు కాదు, బిడ్డ మొండితనము కాదు. చాలవరకు అది ఇంటి వేళలకు సంబంధించిన విషయము. దిద్దుకొనవలసినది ఇంటిల్లిపాదియు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఒకటి రెండేండ్ల బిడ్డకు పగటి కునుకులతో కలిపి దినమునకు 11 నుండి 14 గంటల నిద్ర కావలెను. మూడు నాలుగేండ్లవారికి 10 నుండి 13 గంటలు. ఈ నిద్ర ఏకధాటిగా సాగునది కాదు. పెద్దలకు సుమారు గంటన్నరకు ఒకమారు నిద్ర పలుచబడును. పసివారికి ఇంకను త్వరగా, గంటకొకమారు. అప్పుడు ప్రతి బిడ్డకును కొంచెము మెలకువ వచ్చును. కొందరు ఇటు అటు పొర్లి మరల నిద్రింతురు, కొందరు కేరుమందురు. ఎందుచేత? నిద్రలోనికి జారునపుడు తన దగ్గర ఏది యుండినదో, మెలకువలో బిడ్డ దానినే వెదకును. పాలు త్రాగుచు నిద్రించినది పాలకొరకు ఏడ్చును. ఊగుచు నిద్రించినవాడు ఊపుకొరకు ఏడ్చును.

ఇచ్చట చీర ఉయ్యాల మాట చెప్పవలసియున్నది. చంటిబిడ్డకు దానిని మించిన సుఖము లేదని అవ్వలందురు. వారితో మేము వాదమునకు దిగము. కాని లేచి నిలుచుట నేర్చిన బిడ్డకు ఉయ్యాల తగదు. జారి పడవచ్చును, గుడ్డ మెడకు చుట్టుకొనవచ్చును. పైగా ఊపు ఆగగానే లేచును గనుక తల్లి చేయి రాత్రంతయు ఉయ్యాల త్రాటి మీదనే. ఒక్క రాత్రిలో మానిపింపవద్దు. కన్నులు మూతలు పడు వరకు ఊపి, పూర్తిగా నిద్రపోక మునుపే చాప మీద పరుండబెట్టి వీపు మీద చేయి వేయవలెను. కొన్నాళ్లకు చేయి తీసి, ప్రక్కన కూర్చుండిన చాలును. మొదటి రెండు మూడు రాత్రులు ఏడుపు హెచ్చును. అవ్వ మనసు కరగి మరల ఉయ్యాలలో వేసినచో కథ మొదటికి వచ్చును. బిడ్డను వేరు గదిలో ఒంటరిగా ఏడువనిమ్మని కొన్ని పాశ్చాత్య గ్రంథములు చెప్పును. ఒకే చాప మీద నలుగురు పరుండు మన ఇండ్లలో ఆ మాట చెల్లదు, అవసరమును లేదు.

గుడియాత్తము లుంగీల నేతకును, అగ్గిపెట్టెలకును పేరు పడిన ఊరు. నేతవారి ఇండ్లు కొన్నిటిలో మగ్గము, వంట, పడక ఒక్క చోటనే. పగలు మగ్గము చప్పుడులో బిడ్డ హాయిగా నిద్రించుట మేము చూచితిమి. అలవాటైన చప్పుడు బిడ్డను లేపదు. లేపునది వెలుతురు, రాకపోకలు. తండ్రి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరును. పాపము, దినమంతయు బిడ్డ ముఖము చూడలేదు, ఎత్తుకొని ఎగురవేయును. అప్పుడే కునుకు పట్టిన బిడ్డ పదకొండు వరకు మేలుకొనియుండును. నాయన గురక పెట్టును, అమ్మ జాగారము చేయును. తండ్రులు ఆ ఆటను ఉదయమునకు మార్చుకొనుడని మా మనవి. వేలూరు ఉద్యోగస్థుల ఇండ్లలోనైతే తండ్రి త్వరగానే వచ్చును, కాని సెల్‌ఫోను చేతికిచ్చి అన్నము పెట్టుట అలవాటైనది. నిద్ర తెచ్చు మెలటోనిన్ అను స్రావము చీకటిలో ఊరును. వెలుతురు కంటబడిన తగ్గిపోవును. ఏడాది బిడ్డకు తెర తగదనియు, రెండేండ్లు నిండినవారికి దినమునకు గంట దాటరాదనియు ఆ సంస్థయే చెప్పినది.

మధ్యాహ్నపు కునుకు నాలుగు గంటలలోపల ముగియవలెను. పిదప స్నానము, అన్నము, దీపము తగ్గించుట, జోలపాట: ప్రతి దినము అదే వరుస, అదే వేళ. మే నెల కత్తిరి ఎండలలో మిద్దె పగలు త్రాగిన వేడిని రాత్రి క్రక్కును గనుక, సాయంకాలము మిద్దె మీద నీళ్లు చల్లి, బిడ్డకు తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, పలుచని నూలు చొక్కా వేయుడు. జోలపాట మాత్రము తెలుగులో పాడుడు. 1911లో చిత్తూరు జిల్లా విడిపోగా ఉత్తర ఆర్కాటులో మిగిలిన మనకు బడి తమిళము, బజారు తమిళము. అవ్వ జోల ఒక్కటి చాలమందికి మిగిలిన తెలుగు.

నిద్రించిన గంట రెండు గంటలకు బిడ్డ కన్నులు తెరచి కెవ్వున అరచి, తల్లిని కూడ గుర్తింపకుండుట కలదు. గాలి సోకినదని తాయెత్తుకు పరుగెత్తుదురు. ఇది గాఢనిద్ర సగము చెదరుటవలన కలుగునది. తెల్లవారిన బిడ్డకు జ్ఞాపకముండదు. కుదిపి లేపరాదు, దెబ్బ తగులకుండ కాచి కూర్చుండిన కొద్ది నిమిషములలో తానే సర్దుకొనును. తెల్లవారుజామున కల కని ఏడ్చిన బిడ్డను మాత్రము దగ్గరకు తీసికొని ఓదార్చవలెను.

మాకు భయము గొలుపునది వేరొకటి. నిద్ర పట్టుటకై బిడ్డకు జలుబు సిరపు పోయుట. వెనుక నల్లమందు పెట్టి పిల్లలను పరుండబెట్టి మిల్లు పనికి పోయిన తల్లులను గురించి 1931 నాటి రాయల్ లేబరు కమిషను నివేదికలో ఉన్నది. వారికి గత్యంతరము లేకుండెను. 2025లో మధ్యప్రదేశ్‌లో దగ్గుమందు త్రాగి పసివారు మరణించిరి. అందులో డైఎథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసినది. ఆ మందు తయారైనది మన తమిళనాడులోనే. రెండేండ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు వ్రాయరాదని అప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరించినది. దగ్గునకే వద్దన్న మందు నిద్రకు ఏల?

వైద్యునికి చూపవలసిన సందర్భములు కలవు. ప్రతి రాత్రి గురక పెట్టుచు నోటితో ఊపిరి తీయుట, నడుమ ఊపిరి ఆగినట్లుండుట. పాలిపోయి, నిద్రలో కాళ్లు తన్నుకొనుట, ఇది ఇనుము లోపము కావచ్చును. పరుండగానే చెవి పట్టుకొని ఏడ్చుట. రాత్రివేళ ఆసనమువద్ద గోకికొనుట నులిపురుగుల గుర్తు. ఆల్బెండజోలు ఎంత ఈయవలెనో వైద్యుని అడిగి ఈయవచ్చును. ఐడా స్కడ్డరు 1900లో ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల నేడు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా పెరిగినది. పిల్లల ఎదుగుదలను పరీక్షించు ప్రత్యేక విభాగము కూడ అచ్చట కలదు.

ఆ ఆసుపత్రికి ఆంధ్రదేశమునుండి వచ్చి గాంధీ రోడ్డు లాడ్జీలలో వారముల తరబడి ఉండు మన బంధువులకు ఒక మాట. క్రొత్త చోట బిడ్డ నిద్రింపకుండుట సహజము. ఇంట పరుచు దుప్పటిని ఉతుకకుండ వెంట తెచ్చుకొనుడు. ఇంటి వేళకే అన్నము పెట్టి, ఎనిమిదింటికి గది దీపము ఆర్పి, మాటలు వరండాలో చెప్పుకొనుడు.