చింతకొమ్మ పట్టుకొన్నవారు

(ఫలక్‌నుమాలో జరిగిన సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



మొక్కు చెల్లించుకోవడానికి ఆలయానికి వచ్చేవారిలో ఆసుపత్రి నుండి ప్రాణాలతో బయటపడినవారు ఎందరో ఉంటారు. వారిలో కొందరు మెల్లగా దగ్గరకు వచ్చి, "గుండె ఆగిపోయిందన్నారు అయ్యగారూ, అప్పుడు నేనొక వెలుగును చూశాను" అంటారు. వినేవారు నవ్వుతారేమోనన్న బెరుకు వారి ముఖంలో కనిపిస్తుంది. అది నవ్వవలసిన విషయం కాదు.

1975లో అమెరికాలో రేమండ్ మూడీ ప్రచురించిన పుస్తకంతో ఈ అనుభవాలపై లోకం దృష్టి పడింది. నెదర్లాండ్స్‌లో గుండె ఆగి మరల బ్రతికిన 344 మందిని విచారించగా, 62 మంది ఏదో ఒక అనుభవాన్ని వివరించారని అక్కడి వైద్యులు 2001లో ప్రకటించారు. తక్కినవారికి ఏమీ గుర్తులేదు. (వెలుగు కనబడనివారు పాపాత్ములని ఎవరూ భావించవద్దు.) మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్సన్‌తో కలిసి 16 మంది వృత్తాంతాలను సేకరించి 1986లో ప్రచురించారు. దూతలు తమను తీసుకువెళ్లారని, అక్కడ ఒకరు గ్రంథం చూసి, పొరపాటున వేరొకరిని తెచ్చారని గుర్తించి వెనుకకు పంపారని అటువంటివారు చెప్పారు. చిత్రగుప్తుని కథ విన్న మనకు ఇందులో ఆశ్చర్యమేమున్నది? పాశ్చాత్యులకు సొరంగమూ వెలుగూ, మనవారికి యమదూతలూ చిట్టా. బాల్యం నుండి మనసులో నిలిచిన సంస్కారమే ఆ క్షణంలో రూపం ధరిస్తుందని నా అభిప్రాయం. అంతమాత్రాన ఆ అనుభవం అబద్ధం కాదు. అలాగని యమలోకానికి సాక్ష్యపత్రమూ కాదు.

తిరిగివచ్చినవారు అనే మరొక మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. "దేవుడు నన్ను రక్షించాడు." భక్తితో అన్న మాటే. అయితే పక్క మంచం మీది మనిషి తిరిగిరాలేదు. అతని భార్య ఆ మాట వింటే ఏమనుకోవాలి?

మన నగరానికి ఈ ప్రశ్న 1908 సెప్టెంబరు 28న ఎదురైంది. ఆనాటి మూసీ వరదలో సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లినవారు ఆ చెట్టును చూసే ఉంటారు. కొమ్మ అందినవారు బ్రతికారు, అందనివారు కొట్టుకొనిపోయారు. వారిలో భక్తులెవరో, కానివారెవరో వరద విచారించలేదు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పురోహితుల మాట మన్నించి, మూసీకి పట్టుచీర, పసుపుకుంకుమలు సమర్పించి హారతి ఇచ్చాడని పాతబస్తీ పెద్దలు చెప్పుకొంటారు. లాల్‌దర్వాజ అమ్మవారి బోనాల కథలోనూ ఆయన పేరు వినిపిస్తుంది. మూడేళ్లకు, 1911 ఆగస్టులో, ఈ కొండమీది ఫలక్‌నుమా ప్యాలెస్‌లోనే ఆయన మరణించాడు. మృత్యువు గుమ్మంలో నిలిచినప్పుడు విశ్వాసం తన గడప దాటి పొరుగింటి దేవతకు కూడా చేతులు జోడిస్తుందని ఆ కథ విన్నప్పుడల్లా అనిపిస్తుంది.

అదే వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడే మిగిలాడు. "దేవుడు నన్ను రక్షించాడు" అన్న మాట ఆయన నోట ఎలా వస్తుంది? విశ్వాసం విరిగిపోవడానికి అంతకంటె కారణం అక్కరలేదు. కాని ఆయన దైవాన్ని విడువలేదు. 1961లో మరణించే నాటికి రుబాయీల కవిగా ఆయన ప్రసిద్ధుడు. ఆ రుబాయీలలో దైవచింతన, వైరాగ్యం ప్రధానాలు. నన్నెందుకు మిగిల్చావన్న ప్రశ్నకు జవాబు దొరికి వచ్చిన భక్తి కాదది, ప్రశ్నను మోస్తూనే సాగిన భక్తి అని నేననుకొంటాను.

కఠోపనిషత్తులో నచికేతుడు యముని ఇంట మూడు రాత్రులు గడిపాడు. అతడు కోరిన మొదటి వరం ఆత్మజ్ఞానం కాదు. ఇంటివద్ద ఉన్న తండ్రి మనసు శాంతించాలని కోరాడు. మృత్యువు ఎదుట నిలిచిన బాలునికి ముందుగా గుర్తుకు వచ్చింది వెనుక మిగిలినవాడే.

ఒక భక్తుడు గుండెపోటు నుండి కోలుకొని అన్నదానానికి విరాళం ఇచ్చాడు. రసీదుపై ఎవరి పేరు వ్రాయాలని అడిగితే, తన పేరు చెప్పలేదు. ఐసీయూలో తన పక్క మంచం మీద మరణించిన మనిషి పేరు చెప్పాడు. గోత్రం మాత్రం తెలియదన్నాడు.