పెద్దపని ఎవరికొఱకు వేచియున్నది?

(పాఠశాల విజ్ఞానసంఘ సభయందు చేసిన ప్రసంగము)

 

మన పిల్లలు ఇంటిలో తెలుగును, వీథిలో తమిళమును, తరగతిలో ఇంగ్లీషును మాటలాడుచు పెరుగుచున్నారు. కంప్యూటరు సంగతులు ఆ మూడవ భాషకే చెల్లునని పలువురి నమ్మకము. దానిపై నేను వాదము పెట్టుకొనను. ఈ పూట ఒక సంగతిని తెలుగున చెప్పి చూపెదను. మాట దొరకనిచోట వాడుకలోనున్న ఇంగ్లీషు మాటనే వాడెదను. పండితులు క్షమింతురుగాక.

గత మాసమున మన కంప్యూటరు గదిలో ఒక యంత్రము మొరాయించెను. లినక్స్ మీద నడచు యంత్రమది. ఈ వార్షిక సంచికకై ఛాయాచిత్రములను చిన్నవిగా చేయు పని దానికి ఒప్పగించితిమి. గంట గడచినను పది చిత్రములైనను ముగియలేదు. పదునొకండవ తరగతి బాలుడొకడు లేచి, "సార్, దీనికి ప్రాధాన్యము చాలదు, పెంచి చూతము" అనెను. పెంచితిమి. లినక్స్‌లో ఈ ప్రాధాన్యమును 'నైస్' అను సంఖ్యతో కొలుతురు. అది 19 మొదలు సున్న మీదుగా మైనస్ 20 వఱకు ఉండును. సంఖ్య తగ్గినకొలది గౌరవము పెరుగును. ఇది తలక్రిందులుగా తోచవచ్చును గాని, మర్యాదస్థుడు ఇతరులకు దారి యిచ్చుననియే ఆ పేరు. మేము ఆ పనిని అందఱిలో అమర్యాదస్థునిగా, మైనస్ 20కి, చేసితిమి. అయినను అది అంగుళమైనను కదలలేదు.

కారణము తెలియవలెనన్న కెర్నెలు అనగా ఏమో కొంచెము చెప్పవలెను. కంప్యూటరులో ఒకేసారి వందల పనులు నడచుచున్నట్లు మనకు కనబడును. నిజమునకు ప్రాసెసరులో ఒక్కొక్క గణనభాగము ఒక్కొక్క క్షణమున ఒక్క పనినే చేయును. ఎవరిని ఎప్పుడు దానిపై కూర్చుండబెట్టవలెనో, ఎప్పుడు లేపవలెనో నిర్ణయించునది కెర్నెలు. డిస్కు, తెర, మీటలపలక మొదలగు పరికరములతో మాటలాడునదియు అదియే. ప్రాధాన్యమనునది ఆ వరుసలో నిలిచిన వారికి మాత్రమే పనికివచ్చును. వరుసలోనే లేనివానికి ఎంత పెద్దపీట వేసినను ఫలమేమి? 'టాప్' అను పట్టికను తెరచి చూడగా మా పని ప్రక్కన 'డి' అను అక్షరము కనబడెను. అది ప్రాసెసరును కోరుట లేదు. పరికరమునుండి జవాబునకై నిద్రించుచున్నదని దాని అర్థము. ప్రాసెసరు చాలవఱకు ఖాళీగానే యున్నది. కెర్నెలు వ్రాసుకొను దినచర్యను చదువగా డిస్కును చదువుటలో తప్పులు వరుసగా నమోదైయుండెను. రోగము డిస్కుది, మేము మందు వేసినది ప్రాసెసరు వరుసకు.

ఇది చిన్న సంగతి. ఇట్టి ప్రశ్నయే, ఇంతకంటె చిక్కుగా, మానవులెవ్వరును చేరలేని చోట ఒకసారి తలయెత్తెను. మార్స్ పాత్‌ఫైండర్ అను అమెరికా నౌక 1996 డిసెంబరు 4న బయలుదేరి, 1997 జులై 4న అంగారకునిపై ఆరీస్ లోయలో దిగెను. సొజర్నర్ అను పదిన్నర కిలోల చక్రాలబండిని నేలపైకి దించెను. చిత్రములు రాసాగెను, లోకమంతయు సంతోషించెను. కొలది దినములకే ఆ నౌకలోని కంప్యూటరు తనంతట తాను ఆగి, మరల మొదటినుండి ప్రారంభమగుట మొదలిడెను. అప్పటికి సేకరించిన వివరములు పోలేదు గాని, ఆనాటి మిగిలిన కార్యక్రమము మఱునాటికి వాయిదా పడెడిది. నేలపై ముప్పది దినములకని పంపిన నౌక అది. అట్టిదానికి ఒక్క దినము పోవుట స్వల్పనష్టము కాదు.

యంత్రభాగము చెడినదా, నడిపించు ప్రోగ్రాము చెడినదా? అక్కడకు పోయి తీగెలను కదిపి చూచువారు లేరు. ఇక్కడి మాట అక్కడకు చేరుటకే సుమారు పది నిమిషములు పట్టును.

జరిగినదానిని మన పాఠశాల భాషలో చెప్పెదను. కార్యాలయములో ఒక బీరువా. దానికి ఒక్కటే తాళపుచెవి. బంట్రోతు ఏదో చిన్న కాగితమునకై ఆ చెవిని తీసికొనెను. బీరువా మూయకమునుపే గుమాస్తాలు వానిని ప్రక్కకు నెట్టి తమ పనులు మొదలుపెట్టిరి. వారు వానికంటె పైవారు; అడ్డుచెప్పుటకు వీలులేదు. వారికి బీరువాతో పనియే లేదు. ఇంతలో ప్రధానోపాధ్యాయులవారికి బీరువాలోని దస్త్రము కావలసివచ్చెను. చెవి బంట్రోతు చేతిలో ఉన్నది. బంట్రోతు గుమాస్తాలు ముగించువఱకు కదలలేడు. కాబట్టి అందఱికంటె పెద్దవారు, తమకంటె చిన్నవారగు గుమాస్తాల తీరికకై నిలుచుండవలసివచ్చెను. అప్పుడే తనిఖీ అధికారి వచ్చి, దస్త్రము సిద్ధముగా లేకుండుట చూచి, "పాఠశాల మూసి, మరల తెరువుడు" అని ఉత్తరువు చేసెను. దీనికి ప్రాధాన్య విపర్యయమని పేరు పెట్టవచ్చును.

పాత్‌ఫైండర్‌లో ఆ బీరువా ఒక వివరముల గొట్టము. దానిని కాచు తాళమును మ్యూటెక్స్ అందురు. వాతావరణమును కొలుచు చిన్నపని బంట్రోతు. 1553 అను సంఖ్యగల ప్రమాణపు తీగెదారిపై పరికరములనుండి వచ్చు వివరములను పంచిపెట్టు పని ప్రధానోపాధ్యాయుడు. ఆ దారికి కాలపట్టిక వేయు పని తనిఖీ అధికారి. ఈ చక్రము సెకనునకు ఎనిమిదిసారులు తిరుగుచుండెను. పంపకము వేళకు ముగియలేదని కనుగొన్నప్పుడెల్ల తనిఖీదారు యంత్రమంతటిని పునఃప్రారంభము చేయుచుండెను. తనిఖీదారు తప్పు చేయలేదు. గుమాస్తాలును తప్పు చేయలేదు. ఎవని నియమమును వాడు పాటించెను. పాఠశాల మాత్రము మూతపడెను!

ఆ ప్రోగ్రాము బృందమునకు నాయకుడు గ్లెన్ రీవ్స్. లోపమును పట్టుకొన్న విధమును ఆయన తరువాత వివరముగా వ్రాసెను. నౌకలో నడచు ప్రోగ్రాములోనే, ఏ పని ఎప్పుడు లేచినది, ఏ తాళమును ఎవరు తీసిరి అని వ్రాసుకొను సాధనమొకటి కలదు. దానిని బుద్ధిపూర్వకముగనే తీసివేయక ఉంచిరి. పరీక్షించినదానినే పంపవలెను, పంపునదానినే పరీక్షింపవలెనని వారి నియమము. అది వ్రాయు గ్రంథమంతయు భూమికి పంపుటకు మిక్కిలి పెద్దది. కనుక నౌకలోని కార్యక్రమమునే ఇక్కడి ప్రయోగశాలలో మరల మరల నడపిరి. పదునెనిమిది గంటలలోపుగనే ఆ లోపము ఇక్కడను కనబడెను. ఆ దినచర్యను చూడగా చిక్కంతయు తేటపడినదట.

మందు సిద్ధముగనే యుండెను. వారు వాడిన వీఎక్స్‌వర్క్స్ కెర్నెలులో, తాళమును సృష్టించునప్పుడు 'ప్రాధాన్య వారసత్వము' అను గుణమును కోరవచ్చును. చెవి చేతిలో ఉన్నంతసేపు బంట్రోతు మాట, దానికై వేచియున్న ప్రధానోపాధ్యాయుని మాటతో సమానము. గుమాస్తాలు వానిని కదపలేరు. చెవి తిరిగి తగిలించిన మఱుక్షణము వాడు యథాప్రకారము బంట్రోతే. ఆ తాళమునకు ఈ గుణము పెట్టబడలేదు. కెర్నెలు తయారుచేసినవారిని సంప్రదించి, దీనిని మార్చిన ఇతరములు చెడునేమో అని విచారించి, మార్పును నౌకకు పంపిరి. ప్రోగ్రామంతయు పంపలేదు, పాతదానికిని క్రొత్తదానికిని గల భేదమును మాత్రమే పంపగా, నౌకలోని సాధనము సరిచూచుకొని అతికించుకొనెను.

ఈ కథలో నన్ను ఆకర్షించిన భాగము వేఱొకటి. నౌక దిగకమునుపే పరీక్షలలో ఈ లోపము తలచూపెను. యంత్రభాగపు దోషమేమోయని ఉపేక్షించిరని కొందఱు వ్రాసిరి. రీవ్స్ దీనిని ఒప్పుకొనలేదు. మఱచిపోలేదు, తేలికగా తీసికొనలేదు. ఎంత ప్రయత్నించినను మరల కనబడలేదు. దిగుటకు సంబంధించిన ప్రోగ్రాము మీద దృష్టియంతయు నిలిపి దీనికి తక్కువ ప్రాధాన్యము నిచ్చితిమి. కాలము చాలకపోయెను అని ఆయన భావము. గమనించితిరా? ప్రాధాన్యములవలన పుట్టిన లోపమే మనుష్యుల పట్టికలో తక్కువ ప్రాధాన్యముతో వెనుకబడెను. నేను ఆ బృందమును నిందింపజాలను. నౌక నేలకు తగిలి పగిలియుండిన వాతావరణపు లెక్క ఎవరికి కావలెను?

ఈ విపర్యయము క్రొత్తదియు కాదు. 1980లోనే లాంప్సన్, రెడెల్ అనువారు మీసా అను భాషను గూర్చిన వ్యాసమున దీనిని వర్ణించిరి. వారసత్వమను మందును శాస్త్రీయముగా నిరూపించిన వ్యాసము 1990లో వెలువడెను. కర్తలు లుయ్ షా, రాజ్‌కుమార్, లెహోట్స్కీ. వీరిలో రాజ్‌కుమార్ మన తమిళనాట ఇంజనీరింగు చదివి అమెరికాకు పోయినవారు. 2006లో లినక్స్ కెర్నెలునందును సామాన్య ప్రోగ్రాములు వాడుకొనగల వారసత్వ తాళములు చేరెను.

"మఱి మన ఫోటోల పనికి వారసత్వము పెట్టరాదా?" అని ఆ బాలుడే నన్నడిగెను. మంచి ప్రశ్న. చెవి ఒక పని చేతిలో నున్నప్పుడే ఆ పనికి పదవి నీయగలము. మా చెవి అరిగిపోయిన డిస్కు చేతిలో ఉండెను. డిస్కునకు ఏ పదవి నిచ్చినను వేగము రాదు. చదువగలిగినంత వఱకు చిత్రములను వేఱొక డిస్కునకు ఎత్తి, దానిని మార్చివేసితిమి. పోయినవి ఏడు, ఆ ఏడింటిని తీసిన బాలికల ఫోనులలో నాలుగు దొరకెను.

పాత డిస్కును పాఱవేయలేదు. వచ్చు శనివారము మధ్యాహ్నము దానిని ఇంకొక యంత్రమునకు తగిలించి, 'డి' అక్షరము ఎట్లు కనబడునో, కెర్నెలు దినచర్యలో ఏమి వ్రాసికొనునో చూపెదను. తొమ్మిదవ తరగతివారును రావచ్చును. నోటుపుస్తకము తెచ్చుకొనుడు.