డండీ: జనపనార కట్టిన పట్టణం

స్కాట్లాండ్ తూర్పు తీరంలో, టే నది సముద్రంలో కలిసే చోట ఉన్న డండీ పందొమ్మిదో శతాబ్దంలో జనపనార పరిశ్రమకు ప్రపంచ కేంద్రంగా ఎదిగింది. బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన పెళుసైన నారను తిమింగలం నూనెతో మెత్తబరిచి, మిల్లుల్లో వడికి, గోనె గుడ్డగా నేసేవారు.

ఆ మిల్లుల చుట్టూ టెనెమెంట్లు, అంటే ఒకే మెట్ల దారిని పలు కుటుంబాలు పంచుకునే మూడు నాలుగు అంతస్తుల రాతి భవనాలు లేచాయి; వాటిలో అనేకం వెనుకవైపు గుండ్రని మెట్ల బురుజుతో, దాని నుంచి ప్రతి అంతస్తుకూ సాగే ఆరుబయటి వసారాతో ఉండేవి. ‘ప్లెటీ’ అని పిలిచే ఆ వసారాయే బట్టలు ఆరవేయడానికీ, ఇరుగుపొరుగు మాటామంతీకీ ఆధారం. మిల్లు కార్మికుల్లో అధికులు స్త్రీలే; ఒకటి రెండు గదుల్లో కుటుంబమంతా కిక్కిరిసి బతికిన రోజుల్లో వారు సంసారాన్ని ఈదిన తీరును యజమానుల సౌధాలకన్నా ఈ వసారాలే నిజాయితీగా చెబుతాయి.

కలకత్తా మిల్లుల పోటీతో పరిశ్రమ క్రమంగా క్షీణించగా, డండీలోని లోచీ ప్రాంతంలో ఉన్న కాంపర్‌డౌన్ మిల్లు 1981లో మూతపడింది. 1860లలో రంగురంగుల ఇటుకలతో కట్టిన దాని పొగగొట్టం, సుమారు 86 మీటర్ల ఎత్తుతో, నేటికీ నిలిచి ఉంది. 1833 నాటి వర్డంట్ వర్క్స్ మిల్లు ఇప్పుడు జనపనార మ్యూజియంగా కొనసాగుతోంది.