విమోచకుడు బంధువు



దేవుని విమోచనప్రేమనుగూర్చి ప్రసంగింపవలసినదని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. ప్రార్థనలలో నలిగి నలిగి విమోచనమను మాట మనకిప్పుడు కేవలము గుడిలోని మాటగా తోచుచున్నది. నిజమున కది అప్పులపాలైన వారి మాట. పూర్వము హెబ్రీయులలో నొకడు బీదతనముచేత తన పొలమును, తుదకు తన దేహమునే అమ్ముకొనవలసి వచ్చినయెడల, వెల చెల్లించి విడిపించు హక్కును బాధ్యతయు సమీపబంధువునకు గలవు. లేవీయకాండము 25వ అధ్యాయమున నా ధర్మము చెప్పబడినది. అట్లు విడిపించు బంధువునకే విమోచకుడని పేరు. తాత చేసిన అప్పునకు మనుమడు పాలేరుగా పనిచేసిన కుటుంబములు మనలో లేకపోలేదు. దేశమంతటికిని వర్తించు వెట్టిచాకిరి నిర్మూలన శాసనము 1976లో గాని రాలేదు. కావున నీ మాట లోతు పండితులకన్న మనకే ఎక్కువగా తెలియునని నా నమ్మకము.

హోషేయ ప్రవక్త తన్ను విడిచిపోయిన భార్యను వెండియు యవలును చెల్లించి మరల కొని తెచ్చుకొనెను. తప్పు ఆమెది, వ్యయ మాయనది. దేవుని ప్రేమ యిట్టిదని ఆ ప్రవక్త చాటెను. సిలువయందు జరిగినదియు నిదియే గాని, అక్కడ చెల్లింపబడినది యవలు కాదు, ప్రాణము. అంతకుముందే క్రీస్తు మనకు బంధువయ్యెను. వడ్రంగి యింట పెరిగెను. కుష్ఠరోగిని చేతితో ముట్టెను. లోకులు వెలివేసిన సుంకరుల పంక్తిని భుజించెను.

మన పూర్వులు గంజికొరకు మతము మార్చుకొనిరని యొక యెత్తిపొడుపు నేటికిని వినబడుచున్నది. దీనికి ఒంగోలు చరిత్రయే ప్రత్యుత్తరము. అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌదొర 1866లో ఒంగోలు చేరెను. అంటరానివారిని చేర్చుకొన్నచో తాము రామని ఉన్నతకులములవారు చెప్పినను, తోళ్ల వ్యాపారము చేయు యెర్రగుంట్ల పేరయ్యను, ఆయన వెంట వచ్చినవారిని ఆ దొర విడువలేదు. పిమ్మట 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు సంభవించెను. క్లౌదొర యౌవనమున భూమి కొలుచు పని నేర్చినవాడు. బకింగుహాము కాలువలో సుమారు 3½ మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు నిచ్చెను. పలుగు పట్టినవారిలో మన పేటలవారు అనేకులు.

ఇక్కడ గమనింపదగిన దొకటి కలదు. బాప్తిస్మము కోరి జనులు గుంపులుగా వచ్చుచుండగా, సహాయద్రవ్యము పంచుచున్నంతకాలము, ఏడాదికి పైగా, ఆయన ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. కూటికొరకు వచ్చిరను మాట రాకుండుటకే ఈ కట్టడి. కూలియు సహాయమును ముగిసిన తరువాతను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరమున వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పంచుటకు గింజ లేనినాడు వచ్చిన సంఖ్య యిది! కరుణ బేరము కాదని ఆనాటి యేటిగట్టు ఎరుగును.

ఇక మన యింటి సంగతి. పేరయ్యను బంధువుగా నెంచిన ప్రేమను కొనియాడు మనమే, పెక్కు గ్రామములందు మాలల గుడి, మాదిగల గుడి అని వేరుగా పాడుచున్నాము. శ్మశానములును వేరే. కులసంఘపు వేదికపై ఈ మాట యనుట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను ఇక్కడ గాక మరెక్కడ అనవలెను? మన విద్యార్థినిధి నియమములలో సహాయము మన కులమువారి పిల్లలకు మాత్రమే అని యున్నది. నిధి చిన్నది, మన పిల్లలకే చాలదని కోశాధికారిగారు చెప్పుచున్నారు. ఆయన లెక్క అబద్ధము కాదు. పొరుగుపేట పిల్లవాడు ఫీజు కట్టలేక చదువు మానుటయు అబద్ధము కాదు. ‘మాత్రమే’ అను పదమును తొలగింపవలెనను తీర్మానము నేటి మధ్యాహ్నము సభ యెదుటికి వచ్చుచున్నది. దానికి అనుకూలముగా నేను చేయి యెత్తుదును. పోషకులు చందాను కొంచెము హెచ్చించినచో కోశాధికారిగారును ఎత్తుదురని తలంచుచు, సెలవు తీసికొనుచున్నాను.