అవ్వాతాతలు బడికి వచ్చే రోజు: తరగతి గది కృత్యాల ప్రణాళిక



ఇప్పుడు చాలా ప్రాథమిక పాఠశాలల్లో ఏడాదికి ఒకరోజు అవ్వాతాతలను బడికి పిలుస్తున్నారు. పిల్లలు స్వాగత గీతం పాడతారు, పెద్దలకు పూలు ఇస్తారు, ప్రధానోపాధ్యాయులు నాలుగు మంచి మాటలు చెబుతారు. ఫలహారం పెట్టి సాగనంపుతారు. ఇదంతా సంతోషించదగిందే. అయితే ఆ రెండు గంటల్లో ఆ పెద్దలను ఏ పిల్లవాడూ ఒక్క ప్రశ్న కూడా అడగడు. అరవై ఏళ్ళ అనుభవం కుర్చీలో కూర్చుని లేచి వెళ్ళిపోతుంది.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అవ్వాతాతలను ఆ ఒక్క పూటకు ఉపాధ్యాయులుగా పిలుద్దాం. అందుకోసం మూడు సిద్ధం చేసుకోవాలి. పిల్లల దగ్గర ఒక ప్రశ్న, పెద్దల చేతిలో ఒక వస్తువు, బల్ల మీద ఒక కొలత సాధనం.

సూరత్‌లోని తెలుగు పిల్లలు

ఇందుకు సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, మరమగ్గాల పని కోసం తరతరాలుగా అక్కడికి వలస వెళ్ళారు. లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది.

అటువంటి బడిలో మూడో తరగతి చదివే పిల్లవాడిని ఊహించండి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడతాడు. తాత సొంత ఊరిలో గుంట మగ్గం మీద నూలు బట్ట నేసినవాడు. తండ్రి మరమగ్గం మీద పాలియెస్టర్ బట్ట నేస్తున్నాడు. తాత గురించి చెప్పమంటే ఆ పిల్లవాడు "మా తాత ఏం చదువుకోలేదు సార్" అని ఒక్క మాటలో ముగిస్తాడు. పడుగు, పేక, నాడె, కండె, ఆసు, అచ్చు వంటి మాటలు అతని చెవిన పడవు. చదువు అంటే బడిలో ఉండేది మాత్రమే అన్న అభిప్రాయం ఆ వయసులోనే నాటుకుపోతే, రేపు తన ఇంటినే తక్కువగా చూసుకుంటాడు. మనం మార్చవలసింది ఆ అభిప్రాయాన్ని.

బడి చదువును బడి బయటి జీవితంతో కలపాలన్నది 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో మొదటి మార్గదర్శక సూత్రం. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసన్ నగరంలో లూయిస్ మోల్, ఆయన సహచరులు ఇదే దారిలో పనిచేశారు. మెక్సికో నుంచి వచ్చిన కార్మిక కుటుంబాల ఇళ్ళకు ఉపాధ్యాయులే వెళ్ళి, సేద్యం, కట్టుబడి పని, గృహవైద్యం వంటి విషయాల్లో వారికి ఉన్న పరిజ్ఞానాన్ని తెలుసుకున్నారు, దానితో పాఠాలు తయారుచేశారు. 1992లో ప్రచురించిన వ్యాసంలో ఆ పరిజ్ఞానాన్ని వారు 'జ్ఞాన నిధులు' అన్నారు. సూరత్ తెలుగు ఇళ్ళల్లోనూ అటువంటి నిధి ఉంది. అది నేత పని.

ముందు సన్నాహం

కనీసం రెండు వారాల ముందు పని మొదలుపెట్టాలి. పిల్లలు ఇంట్లో మూడు విషయాలు అడిగి రాసుకు రావాలి. పెద్దవారు ఏ ఊరివారు, ఏ పని చేశారు, ఆ పనికి సంబంధించిన వస్తువు ఏదైనా ఇంట్లో ఉందా. ఈ సమాచారం చూశాకే కృత్యాలు నిర్ణయించుకోవాలి.

వేళ విషయం ఇంటివారితో మాట్లాడి నిర్ణయించండి. మరమగ్గాల షెడ్డుల్లో పన్నెండు గంటల షిఫ్టు మామూలు. కొందరు తాతలు ఇంకా పనిలోనే ఉంటారు. కొందరు అవ్వలు ఇంటి దగ్గర చిన్నపిల్లలను చూసుకుంటూ ఉంటారు. చంటిబిడ్డతో రావచ్చని ముందే చెప్పండి.

ఏళ్ళ తరబడి మగ్గాల చప్పుడులో పనిచేసినవారికి వినికిడి తగ్గి ఉంటుంది. నలభై మంది పిల్లలున్న గదిలో మైకు పెట్టి మాట్లాడిస్తే వారికి ఏమీ వినపడదు. అందుచేత ఒక్కొక్క పెద్దమనిషి దగ్గర ఐదుగురు పిల్లలు మించకుండా కూర్చోబెట్టండి. కింది అంతస్తు గది, వీపుకు ఆనుకునే కుర్చీ, తాగునీరు, దగ్గరలో మరుగుదొడ్డి చూసుకోండి. అందరి ముందూ రిజిస్టరులో సంతకాలు పెట్టించకండి. వేలిముద్ర వేయవలసి వచ్చినవారికి ఆ రోజంతా అదే గుర్తుండిపోతుంది. పేర్లు పిల్లలే రాయాలి.

అవ్వాతాతలు లేని పిల్లలు, ఊళ్ళో ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. కార్యక్రమానికి 'మా పేట పెద్దలు' అని పేరు పెడితే ఇరుగుపొరుగు పెద్దలు ఎవరైనా రావచ్చు. ఊళ్ళో ఉన్న నానమ్మను ఫోనులో ప్రశ్న అడిగి, జవాబు రాసుకొచ్చినా సరే.

మొదటి కృత్యం: అట్టముక్క మగ్గం

ఇది ఒకటి, రెండు తరగతులకు. చేతి పుస్తకమంత అట్టముక్క పైఅంచునా కింది అంచునా సెంటీమీటరుకు ఒక గాటు పెట్టి దారం చుడితే అది పడుగు. రంగు ఊలుదారం పేక. ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా పోవాలి. రెండో వరుసలో అది తిరగబడాలి. సరి బేసి సంఖ్యలు ఇక్కడ చేతివేళ్ళకు తెలుస్తాయి. చేసి చూపించేది తాత. ఒక్కొక్క భాగానికి ఆయన చెప్పిన పేరును పిల్లలు చీటీ మీద రాసి అతికించాలి. ఒకే వస్తువుకు ఇద్దరు తాతలు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి. అవి రెండు ఊళ్ళ మాటలు.

రెండో కృత్యం: తడిదారం, పొడిదారం

ఇది నాలుగు, ఐదు తరగతులకు. వీలైనంత ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. చేనేత పని చేసిన పెద్దలను "దారం ఎప్పుడు ఎక్కువగా తెగేది?" అని అడిగించండి. పొడి ఎండల్లో అని అనుభవం ఉన్నవారు చెబుతారు. మగ్గాన్ని గుంటలో ఎందుకు పెట్టేవారని అడిగితే, కాళ్ళతో తొక్కడానికి వీలుగా ఉండడమే కాక నేల చల్లదనం నూలుకు మంచిదన్న మాట కూడా వస్తుంది. ఇప్పుడు పిల్లలను అడగండి: దారం తడిస్తే బలపడుతుందా, బలహీనపడుతుందా? చాలామంది బలహీనపడుతుందనే అంటారు. ఊహను పలక మీద రాయించి, పరీక్ష మొదలుపెట్టండి.

నూలు దారం, పాలియెస్టర్ దారం, ఎంబ్రాయిడరీకి వాడే రేయాన్ దారం తీసుకోండి. మూడూ ఇంచుమించు ఒకే మందంలో, ఒకే పొడవులో ఉండాలి. దారాన్ని కడ్డీకి కట్టి, కింద ఖాళీ ప్లాస్టిక్ సీసా వేలాడదీసి, కొలపాత్రతో కొద్దికొద్దిగా నీరు పోయాలి. ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము బరువు కాబట్టి త్రాసు అవసరం లేదు. కింద నీళ్ళ తొట్టి పెట్టండి. దారం తెగినప్పుడు ఎంత నీరుందో రాసుకోవాలి. ప్రతి దారాన్నీ పొడిగా ఐదుసార్లు, తడిపి ఐదుసార్లు పరీక్షించి సగటు కట్టాలి.

జాగ్రత్తగా చేస్తే నూలు దారం తడిసినప్పుడు ఎక్కువ బరువు మోస్తుంది. రేయాన్ బాగా బలహీనపడుతుంది. పాలియెస్టర్‌లో పెద్ద తేడా కనిపించదు. పత్తి పోగులు నీరు పీల్చుకుని ఉబ్బి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, లాగుడు బరువు పోగులన్నిటికీ సమంగా పంచుకుంటుంది. రేయాన్ కూడా సెల్యులోజే. కాని దానిలో అణువుల గొలుసులు పొట్టివి, అమరిక వదులు. నీరు చొరబడితే పట్టు సడలుతుంది. పాలియెస్టర్ దాదాపు నీరే పీల్చదు.

ఇక్కడ ఏమి జరిగిందో గమనించండి. తాత దగ్గర ఫలితం ముందే ఉంది. పిల్లవాడి దగ్గర దాన్ని పరీక్షించే పద్ధతి ఉంది. రెండూ ఒకే బల్ల దగ్గర కలిశాయి.

సమయం ఉంటే అవ్వల చేత పడుగుకు గంజి పట్టే పద్ధతి చెప్పించండి. గంజి పట్టిన దారాన్నీ పట్టని దారాన్నీ స్కేలు అంచు మీద ఇటూ అటూ లాగి, ఏది ఎన్నిసార్లకు నూగు లేస్తుందో లెక్కపెట్టవచ్చు. చల్లారిన గంజిలో ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే ముదురు నీలం వస్తుంది. గంజిలో ఉన్నది పిండిపదార్థం అని చెప్పడానికి అంతకన్నా సులువైన పరీక్ష లేదు.

మూడో కృత్యం: వరద గీత

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు వదలడంతో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. అప్పుడు నగరంలో ఉన్న పెద్దలను "మీ ఇంట్లో నీరు ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే మోకాలు, నడుము, ఛాతీ అంటూ చేతితో చూపిస్తారు. పిల్లలు నేల నుంచి అక్కడికి టేపుతో కొలిచి, సెంటీమీటర్లలో దిమ్మల పటం గీయాలి. కొందరి ఇళ్ళకు నీరు రాలేదు. సున్నా కూడా ఒక కొలతే అని చెప్పండి. ఎత్తు ఎందుకు మారిందన్న ప్రశ్న నుంచి నేల వాలు, నది దూరం, కాలువల పాఠంలోకి వెళ్ళవచ్చు. అయితే వరదలో ఆప్తులను పోగొట్టుకున్నవారు ఉండవచ్చు. ఈ కృత్యంలో పాల్గొంటారా అని ముందే విడిగా అడగండి.

పెద్దల మాటకు, పాఠానికి తేడా వస్తే

శిక్షణ తరగతుల్లో ఉపాధ్యాయులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. గ్రహణం రోజు వండినది విషమవుతుందని ఒక అవ్వ చెబితే ఏం చేయాలి? అందరి ముందూ ఖండించవద్దు, అలాగని తల ఊపి వదిలేయవద్దు. నల్లబల్ల మీద 'మనం పరీక్షించవలసినవి' అని ఒక వరుస ఉంచి అందులో రాయండి. ఏ మాటనైనా ఏ పరీక్షతో తేల్చగలమో తర్వాత తరగతిలో చర్చించండి. మందులకూ వైద్యానికీ సంబంధించిన మాటలను మాత్రం పిల్లలు ప్రయోగించి చూడకూడదని అప్పుడే స్పష్టంగా చెప్పండి. దారం గురించి తాత మాటను పరీక్షించిన పిల్లలకు గ్రహణం మాటను పరీక్షించడం అమర్యాదగా తోచదు. రెండింటికీ ఒకే కొలబద్ద.

తర్వాత చేయవలసింది

మరునాడు పిల్లలు తమ ఫలితాల పట్టికను ఒక కాగితం మీద రాసి ఇంటికి తీసుకువెళ్ళాలి. దాన్ని అవ్వాతాతలకు బిగ్గరగా చదివి వినిపించాలి. వారు ఏమన్నారో కింద రెండు వాక్యాలు రాసుకు రావాలి. ప్రశ్న అడిగినవారు జవాబు ఏమైందో చెప్పకపోతే అది మర్యాద కాదు. "అవును, పొడి గాలికి మా పడుగు ఇట్లనే తెగేది" అని తాత అన్న మాట ఆ కాగితం మీదికి ఎక్కితే, చదువుకోలేదనుకున్న మనిషి మాట ఆ పిల్లవాడి పాఠంలో భాగమవుతుంది.

మీ ఊరిలో నేతవారు లేకపోవచ్చు. కుమ్మరులు, జాలరులు, రైతులు, కట్టుబడి మేస్త్రీలు ఉంటారు. వచ్చే సంవత్సరం పూలదండల ఖర్చులో కొంత మిగిల్చి నాలుగు టేపులు, ఒక కొలపాత్ర కొనండి.