తమ్ముడి వెంట హెవీ మెటల్ కచేరీకి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇది పరాభవ నామ సంవత్సరాది. పేరు వినగానే కొందరు ముఖం చిట్లించారు. పేరుకూ ఫలానికీ సంబంధం లేదని పంచాంగం చదివిన శాస్త్రిగారు ఇప్పుడే ధైర్యం చెప్పారు గనుక నేనూ ఆ ధైర్యంతోనే మైకు ముందుకు వచ్చాను. కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం ‘పిల్లలూ సంగీతమూ’. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. రైల్వేలో గుమాస్తాను. చదువు పదవ తరగతితో సరి. కనుక శాస్త్రం జోలికి పోకుండా, 2011లో మా ఇంటిల్లిపాదీ ఒక హెవీ మెటల్ కచేరీకి వెళ్లివచ్చిన సంగతి మనవి చేస్తాను. అది మన సంఘానికి ఎందుకు పనికి వస్తుందో చివర చెబుతాను.

హెవీ మెటల్ అంటే బరువైన లోహం. రైల్వేవాళ్లకు అదేమీ కొత్త సరుకు కాదుగదా అని మీరు నవ్వవచ్చు. నవ్వినా అందులో నిజమున్నది. ఈ సంగీతం పుట్టినది రాజాస్థానాలలో కాదు, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అనే కార్ఖానాల ఊళ్లో. అక్కడ టోనీ అయోమీ అనే కుర్రవాడు ఇనుపరేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. పదిహేడేళ్ల వయసులో, ఆ కొలువులో ఆఖరి రోజున, యంత్రం కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయినవి. అతనిది ఎడమచేతి వాటం. కనుక గిటారు తంత్రులు నొక్కవలసినది ఆ కుడిచేతి వేళ్లే. మరొకడైతే వాద్యాన్ని అటకమీద పెట్టేవాడు. ఇతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకొన్నాడు. నొప్పి తెలియకుండా తంత్రుల బిగువు సడలించాడు. ఆ సడలింపువల్ల నాదం మందంగా, గంభీరంగా దిగింది. ఇతనూ మిత్రులూ కలిసి ‘బ్లాక్ సబాత్’ అనే పేరుతో 1970లో మొదటి రికార్డు విడుదల చేశారు. ఆ బృందంలో పాడిన ఆజీ ఆజ్‌బోర్న్ 2025 జూలై 5న తమ సొంత ఊళ్లోనే చివరి కచేరీ చేసి, అదే నెల 22న కన్నుమూశాడు. పెరంబూరు కార్ఖానాలలో చేతులు అరగదీసుకొన్న కుటుంబాలు ఈ సభలో ఎన్నో ఉన్నవి. టోనీ కథ వారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇది పిశాచాల సంగీతమని కొందరి అభిప్రాయం. ఆ మాటకూ ఒక మూలమున్నది. బ్లాక్ సబాత్ వారి మొదటి రికార్డులోని మొదటి పాట షడ్జమం నుండి ప్రతిమధ్యమానికి పోయే దూరం మీద నడుస్తుంది. ఆ స్వరాంతరానికి యూరపులో పూర్వం పిశాచపు పేరు పెట్టారు. మన వీధిలో సంగీతం చెప్పే మాస్టారిని అడిగితే ఆయన నవ్వి, “ఆ ప్రతిమధ్యమం లేకపోతే మనకు కల్యాణి రాగమే లేదు నాయనా!” అన్నారు. ఒకరి పిశాచం మరొకరికి కల్యాణి! వినే చెవిని బట్టి ఉన్నది.

ఇక మా ఇంటి సంగతి. మా తాత గూడూరు వైపు నుండి ఈ పట్టణానికి వచ్చాడు. మా నాయన రైల్వేలోనే పనిచేస్తూ 2008లో పోయినాడు. కారుణ్య నియామకం కింద నాకు ఉద్యోగం ఇచ్చారు. అప్పుడు నా తమ్ముడికి పద్నాలుగేళ్లు. నాయన పోయిన నాడు వాడు ఏడవలేదు. తరువాత కూడా ఏడవలేదు. మాట తగ్గించాడు. బడిలో కొందరు పిల్లలు వాణ్ణి ‘గొల్టి’ అని పిలిచేవారు. ఈ మాట మన పిల్లలలో చాలామంది విన్నదే. తెలుగు అనే పదాన్ని ఆంగ్లంలో తలకిందులు చేసి పుట్టించిన వెక్కిరింత అంటారు. సెలవులకు గూడూరు పోతే అక్కడి పిల్లలు వీడి తెలుగు విని ‘అరవోడు’ అనేవారు. ఇక్కడ గొల్టి, అక్కడ అరవోడు. పద్నాలుగేళ్లవాడు ఎక్కడ నిలబడాలి?

వాడు బర్మా బజారులో కొన్న సీడీలలో నిలబడ్డాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని గంటల తరబడి వినేవాడు. ఆ బృందం పేరు మెటాలికా. అమ్మ భయపడింది. “ఆ అరుపులు వింటే పిల్లాడు చెడిపోతాడేమోరా” అని నాతో రహస్యంగా అనేది. నేను వాణ్ణి కోప్పడలేదు. ఒక ఆదివారం పక్కన కూర్చుని, “ఇందులో ఏమున్నదో నాకూ చెప్పరా” అన్నాను. ఆ రోజు వాడు చెప్పినంత మాట అంతకు ముందు మూడేళ్లలో చెప్పలేదు.

వాడు చెప్పినదాన్ని బట్టి నాకు తెలిసినది ఇది. ఈ బృందాన్ని 1981లో లాస్ ఏంజెలెస్ నగరంలో ఇద్దరు కుర్రవాళ్లు మొదలుపెట్టారు. డ్రమ్ములు వాయించే లార్స్ ఉల్రిక్ డెన్మార్కు దేశం నుండి వచ్చినవాడు. అంటే మనలాగే వలస వచ్చినవాడు. పాడేవాడు జేమ్స్ హెట్‌ఫీల్డ్. చిన్నతనంలోనే తండ్రి ఇల్లు విడిచిపోయినాడు. పదహారేళ్లకు తల్లి క్యాన్సరుతో పోయింది. వారి మతశాఖ వైద్యాన్ని ఒప్పుకొనేది కాదట. ఆ దుఃఖమే పెద్దవాడైన తరువాత ఎన్నో పాటలైంది. బృందంలోని క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి ఇరవైనాలుగేళ్లకే మరణించాడు. వీళ్లు అరుస్తున్నది మదమెక్కి కాదు, లోపల పట్టక అరుస్తున్నారని నాకు అర్థమైంది. తమ్ముడు ఎందుకు వింటున్నాడో కూడా అర్థమైంది. ఈ వివరాలు అమ్మకు చెప్పాను. తల్లి సంగతి విని, “పాపం, ఆ పిల్లాణ్ణి ఎవరు పెంచారో” అన్నది. ఆనాటి నుండి ఆ అరుపుల మీద ఆమెకు కోపం పోయింది.

2011లో మెటాలికా మొట్టమొదటిసారి మన దేశానికి వస్తున్నదని ప్రకటించారు. అక్టోబరు 28న గుర్గావ్‌లో, 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. చెన్నైకి ఇలాంటి పెద్ద బృందాలు రావడం అరుదు. 2009లో ఐఐటీ సారంగ్ ఉత్సవానికి స్వీడన్ వారి ఓపెత్ వచ్చినట్లు ఎప్పుడో ఒకటి. బెంగళూరుకు 2007లోనే ఐరన్ మెయిడెన్ వచ్చింది. అందుచేత ఈ రసికులకు బెంగళూరే తిరువయ్యారు.

నా ముందు మూడు దారులున్నవి. తమ్ముణ్ణి వద్దనడం, ఒంటరిగా పంపడం, వెంట వెళ్లడం. వద్దంటే వాడు మళ్లీ మాట మానేస్తాడు. ఒంటరిగా పంపితే అమ్మకు నిద్ర పట్టదు. నా భార్యకు అప్పటికి మా ఇంటికి వచ్చి ఆరు నెలలు. ఆమె మాత్రం, “అందరం పోదామండీ. అత్తయ్యగారు మీ నాయన పోయినాక గడప దాటి ఎక్కడికీ వెళ్లలేదు” అన్నది. ఆ మాటతో తేలిపోయింది. నాలుగు టికెట్ల ఖర్చు ఆ నెల ఇంటి అద్దెను మించింది. పండుగ బట్టలు మానుకొన్నాం. ఆ యేడు దీపావళి 26వ తేదీన వచ్చింది. మా ఇంట్లో టపాకాయలు లేవు.

28వ తేదీ రాత్రి పిడుగులాంటి వార్త వచ్చింది. భద్రత చాలదని గుర్గావ్ కచేరీ ఆపివేశారు. కోపించిన జనం వేదిక మీదికెక్కి సామాను విరగ్గొట్టారు. టీవీలో ఆ దృశ్యాలు చూపారు. ఇరుగుపొరుగువారు వచ్చి, “ఆ మూకలోకి ముసలి తల్లినీ, కొత్త కోడలినీ తీసుకుపోతావా?” అన్నారు. వారు మేలు కోరే అన్నారు. తమ్ముడు గోడకు తిరిగి పడుకొన్నాడు. అమ్మ చాలాసేపు ఆలోచించి, “పిల్లాడు ఆ మూకలోకి ఎలాగూ పోతాడు గదరా. మనం పక్కన ఉంటే మంచిది గదా” అన్నది. నేను ఈనాడు ఇంతసేపు మాట్లాడి చెప్పదలచుకొన్నది అమ్మ ఆ ఒక్క ముక్కలో చెప్పింది.

మర్నాడు శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నా భార్య పులిహోర, దద్ధోజనం కట్టింది. జోలార్‌పేట దాటిన తరువాత కుప్పం దగ్గర ఆ రైలు కొంతసేపు ఆంధ్రదేశంలో నడుస్తుంది. తమిళ అక్షరాల తరువాత తెలుగు అక్షరాల బోర్డులు, వాటి తరువాత కన్నడం. అమ్మ కిటికీలోంచి కుప్పం బోర్డు కూడబలుక్కొని చదివి, మన ఊరే వచ్చినంత సంతోషపడింది. అదే పెట్టెలో నల్లచొక్కాల కుర్రవాళ్లు కొందరు ఉన్నారు. పులిహోర వాసనకు పరిచయాలు కలిసినవి. తమ్ముడు వాళ్లతో అరవంలో, ఆంగ్లంలో గలగలా మాట్లాడుతుంటే మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాం. బెంగళూరులో మేనమామ ఇంట దిగాం.

ఆదివారం సాయంత్రం ప్యాలెస్ గ్రౌండ్స్ చేరేసరికి వేలాది జనం. మేము వెనుక వైపు, దారికి దగ్గరగా చోటు చూసుకొన్నాం. అమ్మ చెవులలో దూది పెట్టుకొన్నది. చీర కట్టుకొన్న పెద్దావిడను చూసి ఆ నల్లచొక్కాల పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చి నమస్కారం పెట్టారు. ఒకడు ఎక్కడినుండో కుర్చీ తెచ్చి వేశాడు. మరొకడు నాగాలాండ్ వాడు, గౌహతి నుండి రెండు రాత్రులు రైలులో వచ్చాడట. అమ్మ చేతిలోని మంచినీళ్ల సీసా వాడికిచ్చింది. అక్కడ తమిళులు, కన్నడిగులు, మలయాళీలు, ఉత్తరాదివారు, మనవాళ్లు అందరూ ఉన్నారు. నీది ఏ ఊరని అడిగినవారు ఉన్నారుగాని, ఆ జవాబు విని నవ్వినవారు లేరు. మా తమ్ముడు మూడేళ్లుగా వెతుక్కొంటున్నది ఆ చోటే.

ముందు బెంగళూరు కుర్రవాళ్ల ఇన్నర్ శాంక్టం, తరువాత స్కాట్లండు వారి బిఫీ క్లైరో వాయించారు. రాత్రి దీపాలు ఆరినవి. మెటాలికా వారి ప్రతి కచేరీకీ ముందు ఒక పాత కౌబాయ్ చిత్రం సంగీతం వేస్తారు. ఇటలీకి చెందిన ఎన్నియో మొరికోనె 1966లో కట్టినది. అది వినగానే అమ్మ, “ఇది మన కృష్ణ గుర్రమెక్కి వచ్చే సినిమాలా ఉన్నదే!” అన్నది. ఆమె తలపులో ఉన్నది 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’. ఆ మాట అంత తప్పేమీ కాదు. ఆ చిత్రమూ అటువంటి కౌబాయ్ చిత్రాల చలవే గదా.

తరువాత మొదలైన నాదాన్ని మాటలలో చెప్పలేను. భూమిలోంచి అరికాళ్లకు ఎక్కింది. గూడ్సు బండి వంతెన మీద పోతుంటే కింద నిలబడ్డవారికి తెలుస్తుంది. వేలమంది ఒక్క గొంతుతో పల్లవి అందుకొన్నారు. మా ఊరి భజనలో ముందువాడు చరణమంటే వెనుకవాళ్లు అందుకొనే తీరే అది. మధ్యలో ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ అనే నెమ్మది పాట వచ్చింది. ఒక చేత్తో టెలిఫోను పట్టుకొని మాట్లాడుతూ, రెండో చేత్తో ఊరికే తంత్రులు మీటుతుండగా హెట్‌ఫీల్డ్‌కు తట్టిన వరుస అది. 1991 రికార్డులోనిది. చుట్టూ జనం సెల్‌ఫోను దీపాలు ఎత్తారు. పక్కకు చూస్తే తమ్ముడి భుజాలు కదులుతున్నవి. వాడు ఏడుస్తున్నాడు. మూడేళ్లు ఆగిన ఏడుపు. అమ్మ కుర్చీలోంచి లేచి వాడి తల తన భుజానికి ఆనించుకొన్నది. చెవిలో దూది తీసి పారేసింది. ఆ పాట అయ్యేదాకా ఎవరం మాట్లాడలేదు.

సోమవారం తెల్లవారి లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి వచ్చాం. దారిలో వాడు నాయన గురించి అడిగాడు. నాయనకు ఏ పాటలు ఇష్టమని. అమ్మ చెప్పింది, ఘంటసాల పాటలని. ఇంటికి వచ్చాక వాడు స్నేహితుడి గిటారు మీద ఆ పాటలే వెతికి వాయించాడు. తప్పులతోనే వాయించాడు. ఘంటసాలకు దారి మెటాలికా మీదుగా పోతుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఇప్పుడు సంఘానికి నా మనవి. మన సభలకు కుర్రవాళ్లు రావడం లేదని ప్రతి యేడూ తీర్మానాలలో విచారం ప్రకటిస్తున్నాం. పద్యాలు, హరికథ, నాటకం అన్నీ ఏర్పాటు చేస్తున్నాం. అవి వదలవద్దు. అవి మన పెన్నిధి. కాని మన చోటికి రమ్మని పిల్లలను పిలిచేముందు, వాళ్ల చోటికి మనం ఎన్నిసార్లు పోయినామో లెక్క వేసుకొందాం. వాళ్లు వినేది మనకు నచ్చాలని లేదు. నాకు ఈనాటికీ ఆ పాటలలో సగం తలనొప్పే. నచ్చడం వేరు, పక్కన ఉండడం వేరు. పక్కన ఉన్నవాడి మాటే వాళ్లు వింటారు. ఈ సంవత్సరం ఒక సాయంత్రం మన పిల్లలకు విడిచిపెట్టి, వాళ్లకిష్టమైన పాట వాళ్లనే వాయించమని, ముందు వరుసలో పెద్దలను కూర్చోబెట్టండి. చెవులకు దూది నేను పంచుతాను.

మా తమ్ముడికి ఇప్పుడు ముప్పై దాటినవి. ఈ మైకులు సర్దినది వాడే. వాడు బడిలో పడిన పరాభవం మన పిల్లలకెవరికీ కలగకూడదని, కలిగినా ఇంటికి వచ్చి చెప్పుకొనే చనువు వారికి ఉండాలని కోరుకొంటున్నాను.